పాపం అనే మాట

పడవ లాకుల దగ్గర ఆగినప్పుడల్లా
ఇల్డమ్మ గారు పుస్తకం తీసేవారు.
నీళ్లు ఎక్కేదాకా, తలుపులు తెరిచేదాకా
ఒక్కో మాటా పైకి చదవడం:
కళ్ళు, నీళ్ళు, ముళ్ళు.
ఆ ‘ళ’ ఆవిడ నోట ‘ల’గానే దిగేది.
సరంగు నూకరాజు గెడ ఆనించి
“నాలిక మడతెయ్యండమ్మా, తమలపాకు మడిచినట్టు” అనేవాడు.
మా అమ్మ దీవెనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.
నాకప్పుడు ఎనిమిదేళ్లు.
లాంతరు మొయ్యడం నా ఉద్యోగం.
నెలకి అర్ధరూపాయి, ఆదివారం ఒక బిస్కట్టు.

మున్షీ గారు ఆవిడకి మొదట్లోనే నేర్పిన మాట, పాపం.
అది లేకుండా ప్రసంగం ఎలా నడుస్తుంది?

దొడ్డిపట్ల రేవులో తొలిసారి దిగినప్పుడు
బిందెలు ముంచుతున్న ఆడవాళ్లు ఎగాదిగా చూసి
“ఒక్కత్తే వచ్చేసిందంట, పాపం” అన్నారు.
“పెళ్లీ పిల్లలూ లేరంట, పాపం.”
“ఎండకి ఉడికిన రొయ్యలా అయిపోయింది, పాపం.”

ఆ రాత్రి బంగళాలో ఆవిడ అన్నం ముట్టలేదు.
దీపం దగ్గర మా అమ్మని కూర్చోబెట్టి అడిగారు:
“దీవెనమ్మా, నా పాపం
వాళ్లకెలా తెలిసింది?”

అమ్మకి నవ్వొచ్చింది. తరవాత రాలేదు.
“అది కాదండమ్మా.
ఆ మాటకి మా దగ్గర రెండు ఒడ్లున్నాయి.
ఇటు తప్పు, అటు జాలి.
మధ్యన ఏరు ఒకటే.”

పొద్దున్నే వరండా నిండా చీము చెవులు, గజ్జి చేతులు,
క్వినైను చేదుకి ఏడ్చే పిల్లలు.
కాచిన నీళ్లు చల్లారేలోగా ఎవరో కాన్పుకి పిలిచేవారు.
సాయంత్రం లెక్కల పుస్తకం:
పిడికిలి బియ్యం నాలుగు కుంచాలు,
గుడ్లు పదకొండు, ఒకటి పగిలింది.
కానుకల్లో వచ్చిన పుంజు ఒకసారి,
పేతురు బొంకిన కథ యోనా ఉపదేశి చదువుతుంటే
సరిగ్గా అక్కడే కూసింది.
ఇల్డమ్మ గారు బల్ల మీద తలపెట్టి
భుజాలు కదిలేలా నవ్వారు.
ప్రార్థన అనుకుని మేమంతా మోకరించాం.
వేలంలో ఆ పుంజు రూపాయి పావలా పలికింది,
సాక్ష్యం చెప్పిన కోడని.

ఆవిడ తల్లి పోయిన కబురు ఓడెక్కి వచ్చేసరికి
నలభై రోజులు దాటాయి.
ఉత్తరం మడిచి దారపుండల బుట్టలో పెట్టుకుని
ఆవిడ లేసు క్లాసుకే వెళ్లారు.
చింతాలమ్మ గొలుసు లెక్క తప్పితే
విప్పించి మళ్లీ అల్లించారు.
మధ్యాహ్నానికి ఎవరో పసిగట్టారు.
ఇరవైమందీ సూదులు కింద పెట్టి
ఆ ఒక్క మాటే అన్నారు.
ఆవిడ తలొంచుకుని
“అవునమ్మా, పాపం” అన్నారు,
పక్కూరి మనిషి సంగతేదో విన్నట్టు.

అప్పట్నించీ ఆవిడ ప్రసంగంలో ఆ మాట వస్తే
ఏ ఒడ్డున నిలబడి అంటున్నారో
యోనా ఉపదేశికి అంతుపట్టేది కాదు.
పైవాళ్లకి రాస్తానన్నాడు కూడా.
రాశాడో లేదో తెలీదు.

ముప్ఫయ్యొక్క వరదలు చూసి వెళ్లిపోయారు.
కాలువలు కట్టేసిన మే నెల.
పడవ బురదలో ఒరిగి ఉంది,
నూకరాజు కొడుకు దాని నీడలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు.
నరసాపురం స్టేషనుకి ఎద్దుబండి కట్టించాం.
వెళ్లొస్తానని కదా అంటాం మనం, చావుకి పోతున్నా.
ఆవిడ బండెక్కి మా అమ్మ చెయ్యి పట్టుకుని
“వెళ్తాను, దీవెనమ్మా” అన్నారు.

తెలియక కాదు.
అంతకాలం మా మధ్య మాట్లాడిన మనిషి.
‘ళ’ సరిగ్గా పలికింది,
నాలిక మడిచి, తమలపాకు మడిచినట్టు.
అమ్మ దిద్దలేదు.

పట్టపగలు. అయినా ఎందుకో
నేను లాంతరు పట్టుకునే నిలబడ్డాను.